పచ్చదీపానికి అడ్డదారి

పోయిన వారం మనం సయీదాను కుప్పం షెడ్డులో, విరిగిన యంత్రం ముందు, ఎదురుగా సంతకం కోసం ఒక కాగితంతో నిలబెట్టి వచ్చాం. ఆ వారం పత్రిక చేతికందని వాళ్లుంటారు, పక్కింటి వాళ్లు పట్టుకుపోయి తిరిగి ఇవ్వని వాళ్లూ ఉంటారు. వాళ్ల కోసం నాలుగు మాటలు.

మదనపల్లెలో పట్టుదారం తీసే బేసిన్ల దగ్గర పదేళ్లు వేడినీళ్లలో వేళ్లు నానబెట్టుకున్న పిల్ల సయీదా. పదో తరగతి పాసైన కాగితం పట్టుకుని కుప్పం వచ్చి, టీవీ బోర్డులు తయారుచేసే కైగల్ ఎలక్ట్రానిక్స్‌లో చేరింది. అక్కడ పన్నెండు మంది ఆడవాళ్లు బియ్యపు గింజంత భాగాలను చేత్తో బోర్డు చిల్లుల్లో గుచ్చుతుంటే, ఆ పని మొత్తం ఒక్కటే చేసే యంత్రం ఆర్నెల్ల కిందట బెంగుళూరు నుంచి లారీలో దిగింది. అది ముక్కుతో టకటకా పొడవడం చూసి ఆడవాళ్లు దానికి 'పెట్ట' అని పేరు పెట్టారు. దాన్ని నడపడం అందరికంటే ముందు సయీదా నేర్చుకుంది, తక్కిన వాళ్లకూ నేర్పింది. గురువారం పొద్దున పది నలభైకి, పోయిన కరెంటు తిరిగి రాగానే, పెట్ట ఎవరూ చెప్పకుండా పని మొదలుపెట్టి, బోర్డును పట్టి ఉంచే ఇనప చట్రాన్ని పొడిచింది. ముక్కు విరిగింది. తలను కదిపే మోటారు కాలింది. ఇంకొక్క సంగతి. సయీదా వీధిలోనే పుట్టిన మరియం, ఇదే కంపెనీ బెంగుళూరు షెడ్డులో ఇట్లాంటి పెట్ట దగ్గరే పనిచేస్తూ, పోయిన నెల ఉద్యోగం వదిలి ఇల్లు చేరింది. ఎందుకు వదిలిందో సయీదాకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు శనివారం. తొమ్మిది గంటలు.

మేనేజరు సుబ్రహ్మణ్యం కాగితాన్ని బల్ల మీద సర్ది, పైన ఒక స్క్రూడ్రైవరు బరువు పెట్టాడు. వాయల్పాడు మనిషి, బెంగుళూరులో పదేళ్లు పనిచేసి వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. తనకు తెలియని సంగతి ఉంటుందని ఒప్పుకోవడం మాత్రం ఆయన వల్ల అయ్యే పని కాదు.

"సంతకం పెట్టమ్మా. ఎర్రదీపం ఉండగానే పచ్చబొత్తాం నొక్కినానని రాసుండాది. నిన్ను పంపించేయడం లేదు కదా. ప్యాకింగులో ఉందువు. సోమవారం బెంగుళూరు నుంచి ఇద్దరు డిప్లొమా పిల్లోళ్లు వస్తారు, మెషీను వాళ్లు చూసుకుంటారు."

"మా పన్నెండు మందీ సార్?"

"చేత్తో గుచ్చే పని ఉన్నన్నాళ్లు ఉంటారు."

ఆ పని ఇంకో రెండు నెలలని షెడ్డులో అందరికీ తెలుసు. సయీదా వెనక నిలబడిన ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నేను నొక్కలేదు సార్."

"పట్టుపురుగులు ఉడకబెట్టిన చేతులమ్మా అవి. తొందరలో ఏం నొక్కినాయో నీకే తెలీకుండా ఉంటుంది."

చాలా మంది ఈ మాటకు ఏడుస్తారు. సయీదాకు కోపం వచ్చింది. మరుగుతున్న నీళ్లలో, కంటికి కనిపించని పోగు కొసను వేలిచివరతో పట్టుకునే చేతులవి. ఆ చేతుల్ని అనేసరికి ఆమె మెడ ఇంకాస్త నిటారుగా నిలిచింది.

"నాకు పది నిమిషాలియ్యండి సార్. ఆ పైన మీరు పెట్టమంటే పెడతా."

సుబ్రహ్మణ్యం గడియారం చూసుకుని, సరే అన్నట్టు చెయ్యి ఊపాడు.

సయీదా అలమర మీద ఉన్న సుద్దముక్క తీసుకుని, పెట్ట ముందు నేల మీద వంగి గళ్లు గీసింది. మొత్తం ఆరు గళ్లు. తొక్కుడుబిళ్ల ఆటకు పిల్లలు గీసేవి ఎట్లా ఉంటాయో అట్లాగే ఉన్నాయి. కొత్తగా చేరిన ఆడవాళ్లకు ఆమె పని నేర్పింది ఈ గళ్లతోనే. కంపెనీ ఇచ్చిన లావుపాటి పుస్తకం ఇంగ్లీషులో ఉంది, అందులోని బొమ్మలను సయీదా నెలరోజులు చూసి చూసి ఆటలోకి దించుకుంది.

చెప్పులు విడిచి మొదటి గడిలో నిలబడింది.

"ఇది దీపం లేని గడి సార్. కరెంటు లేదు. కరెంటొస్తే ఈడనుంచి ఒక్క ఎర్ర గడికే దోవ." రెండో గడిలోకి అడుగు వేసింది. "ఎర్రలో పెట్టకు పానం ఉంటాది, కదల్లేదు. తన తల యాడుండాదో దానికే తెలీదు. అందుకని ముందు పుట్టింటికి పంపల్ల."

"పుట్టిల్లేంది?" అన్నాడు సుబ్రహ్మణ్యం.

"తల పోయి ఆ మూలకు ఆనుకుంటాది కదా సార్, లెక్క మొదలుపెట్టేదానికి. దాన్ని మేము పుట్టిల్లంటాం." వెనక రెడ్డెమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆడికి పోయొచ్చినాకనే పసుపుదీపం. అంటే నేను సిద్ధం, బోర్డు పెట్టండి అని. అప్పుడు నొక్కితే పచ్చ. పచ్చలోనే పొడిచేది. గుచ్చే రెసిస్టర్ల చుట్ట అయిపోతే కూత పెట్టి ఈ కొసన ఉండే కడాకరు గడిలో నిలిచిపోతాది, కొత్త చుట్ట ఎక్కిస్తే మళ్ళా పచ్చకొస్తాది. ఒక గడి దాటేసి ఇంకో గడిలో కాలు పెట్టేదానికి కుదరదు. పెట్ట పెట్టనీదు."

"తెలిసిన కథే కదమ్మా. నువ్వు దాటించావు, అది విరిగింది."

"అట్లయితే మీరు దాటించండి సార్."

ముక్కు విరిగిన తలను మేస్త్రీ గోవిందప్ప గురువారమే విప్పేశాడు కాబట్టి, ఇప్పుడు దీపాలు వెలిగినా విరిగేందుకు ఏమీ లేదు. సయీదా మెయిన్ స్విచ్చు వేసింది. ఎర్రదీపం వెలిగింది. సుబ్రహ్మణ్యం లేచి వచ్చి పచ్చబొత్తాం నొక్కాడు. ఎర్రదీపం అట్లాగే ఉంది. మళ్ళీ నొక్కాడు. బొటనవేలు తెల్లబడేదాకా అదిమి పట్టాడు. పెట్ట ఆయన్ను లెక్కచేయలేదు.

"చూసినారా సార్. ఎర్రలో ఎవురు నొక్కినా అది పలకదు. ఈ కాగితంలో రాసింది జరిగే పని కాదు."

సుబ్రహ్మణ్యం మొదటిసారి కాగితం వైపు కాకుండా పెట్ట వైపు చూశాడు. "మరి గురువారం ఎట్లా పలికింది?"

"రెండ్రోజులుగా అదే ఆలోచన సార్. అన్ని దోవలూ చూసినా. ఒక్కటి మిగిలింది."

ఆమె రెడ్డెమ్మను మెయిన్ స్విచ్చు దగ్గరికి పంపింది. "ఆపెయ్ అక్కా." దీపం ఆరింది. సయీదా పచ్చబొత్తాం మీద వేలు పెట్టి అదిమింది. "వేలు తియ్యను. ఇప్పుడు వెయ్యి."

రెడ్డెమ్మ స్విచ్చు వేసింది. ఎర్ర లేదు, పసుపు లేదు, ఏకంగా పచ్చదీపం వెలిగింది.

ఆడవాళ్లలో ఎవరో "అమ్మా" అన్నారు. సయీదా ఉందేమో అనుకున్న దారి నిజంగానే ఉంది. పెట్టను తయారుచేసిన వాళ్లు, కరెంటు వచ్చే వేళకు ఎవరైనా బొత్తాం నొక్కిపట్టి ఉంటారని అనుకోలేదు. వాళ్ల ఊళ్లో కరెంటు రోజుకు ఆరుసార్లు పోదు.

సుబ్రహ్మణ్యం తేరుకున్నాడు. "అయితే గురువారం నీ వేలు బొత్తాం మీద ఉండాది."

"నేను ఆ కొసన చుట్ట ఎక్కిస్తాండా సార్. రెండు చేతులూ ఆడనే ఉండాయి. రెడ్డెమ్మక్క నా పక్కనే."

"మీ వాళ్లే కదా సాక్ష్యం."

అప్పుడు మునెమ్మ ముందుకు వచ్చింది. షెడ్డు ఊడ్చే మనిషి, ఆరు నెలల్లో మేనేజరుతో ఒక్క మాటైనా మాట్లాడి ఎరగదు. రొంటిన దోపుకున్న అగ్గిపెట్టె తీసి సయీదా చేతిలో పెట్టింది.

"ఇది విరిగిన బేస్తారం సాయంత్రం ఊడస్తాంటే బొత్తాల కింద దొరికిందమ్మా. పారేసేదానికి మనసు రాలా. ఈ షెడ్డులో యాడా లేని వస్తువు."

అగ్గిపెట్టెలో వేలెడంత వెదురు చీలిక ఉంది. ఒక కొస నలిగి ఉంది. మిగతాదంతా నున్నగా చెక్కి, వార్నిష్‌లో ముంచి ఆరబెట్టిన చీలిక. బొత్తాం నొక్కి, అంచు సందులో దీన్ని దోపితే బొత్తాం లేవదు.

సయీదా దాన్ని చూసిన మరుక్షణం గుప్పిట మూసింది.

ఇట్లాంటి చీలికలు చెక్కే చేతులు ఈ షెడ్డులో రెండే. కాలిన మోటార్లకు తీగ చుట్టేవాళ్లు, చుట్టిన తీగ బయటికి జారకుండా గాడుల్లో వెదురు చీలికలు దోపుతారు. గోవిందప్ప పుంగనూరులో ఇరవై ఏళ్లు పంపుసెట్ల మోటార్లు చుట్టినవాడు. సయీదాను ఈ ఉద్యోగంలో పెట్టించింది ఆయనే. ఇంగ్లీషు పుస్తకంలోని బొమ్మలను పక్కన కూర్చుని విప్పి చెప్పిందీ ఆయనే. ఎవరు దొరికినా ఆపి, 'మా సయీదా ఒక బోర్డు కూడా చెడగొట్టకుండా నెల దాటించింది' అని చెప్పుకుని మురిసిపోయే మనిషి. ఇప్పుడు ఆయన పనిముట్ల పెట్టె పక్కన, గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఎవరిదమ్మా అది?" అన్నాడు సుబ్రహ్మణ్యం.

ఒక్క పేరు చెబితే చాలు, కాగితం మీద తన పేరు పోతుంది. పన్నెండు మందికీ పని నిలబడుతుంది. సయీదాకు ఆ లెక్క తెలుసు.

"తెలుసు సార్. చెప్పలేను."

గోవిందప్ప గోడ వదిలాడు. చెప్పులు విడిచి, నేల మీది మొదటి గడిలోకి వచ్చి నిలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి పంచె ఎగ్గట్టి, మూడు గళ్లు వదిలేసి, పచ్చ గడిలోకి ఒక్క గెంతు గెంతాడు. తూలి పడబోతే సయీదా చెయ్యి పట్టుకుంది.

"ఈ దోవ నేనేసింది సార్," అన్నాడు ఆయాసపడుతూ. "ఆ చీలిక నాది."

గోవిందప్ప సయీదా వైపు తిరిగాడు.

"కరెంటు పోయిన ప్రతిసారీ నువ్వు దాన్ని పుట్టింటికి పంపల్ల, మళ్ళా సరిజూసుకోవల్ల. దినానికి అరగంట పోతాండె. బోర్డులు తగ్గితే నిన్ను మాటంటారని నాకు దిగులు. పంపుసెట్టుకు చేసినట్టే చేస్తే, కరెంటు రాంగానే దానంతటదే ఎత్తుకుంటాది అనుకున్యా. బేస్తారం పొద్దున అది పచ్చలో ఉండంగా దోపినా. మోటారుకు యాడ నిలిచినా ఒకటేనమ్మా, యాణ్ణించైనా తిరుగుతాది. ఇది తిరిగేది కాదు, దోవ ఎతుక్కునేదని నా బుర్రకు తట్టలా."

"రెండ్రోజులు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు సుబ్రహ్మణ్యం.

"సిగ్గేసింది సార్." గోవిందప్ప కళ్లు తుడుచుకున్నాడు, కానీ ఆయన ముఖంలో ఏడుపు లేదు. "ఇరవై ఏండ్లు మోటార్లు చుట్టినా. నా తప్పు పట్టుకున్నోడు ఒక్కడు పుట్టలా. ఈపొద్దు నేను నేర్పిన పిల్ల పట్టుకునింది. నన్ను ఏమైనా చేసుకోండి. ఆ కాగితంలో దాని పేరు మాత్రం కొట్టెయ్యండి."

సుబ్రహ్మణ్యం పెన్ను తీశాడు. సయీదా పేరు కొట్టేశాడు. పైన గోవిందప్ప పేరు రాశాడు. 'ప్యాకింగుకు మార్చడమైనది' అన్న చోట గీత గీసి 'తొలగించడమైనది' అని దిద్దాడు. కాగితం సయీదా వైపు జరిపాడు.

"సాక్షి సంతకం నీది. మెషీను ఇకమీద నీదే."

నెల రోజులుగా ఆ మాట కోసమే ఎదురుచూసింది సయీదా. అది ఈ కాగితంతో కలిసి వస్తుందని అనుకోలేదు. పెన్ను తీసుకుని, మూత పెట్టి, ఆయన ముందే ఉంచింది.

"సాయంత్రం నాలుగు దాకా టయిమియ్యండి సార్. ఆ దోవ మూసేస్తాం. మూసేది గోవిందప్ప మామకు తప్ప ఎవురికీ రాదు."

"మూసేదా?"

గోవిందప్పకు అర్థమైంది. ఆయన వెన్ను నిటారైంది. "పంపుసెట్టు స్టార్టర్లో కాయిల్ ఉంటాది సార్. కరెంటు పోతే అది పట్టు వదిలేస్తాది. మళ్ళా మనిషొచ్చి నొక్కితేనే మోటారు తిరగల్ల. రైతుకు పొలం రెండు మైళ్లు, కరెంటు ఏ యాళకొస్తాదో తెలీదు. అందుకని ఆ అడ్డు తీసేసేదానికి చీలికలు దోపతా వచ్చినా ఇన్నాళ్లూ. ఇప్పుడు ఆ కాయిలే దీనికి పెడతా. తల పుట్టింటికి చేరితేనే అది పట్టు పడతాది. అంతవరకు పచ్చబొత్తానికి దోవే ఉండదు."

"అట్లా జరగకపోతే?"

"ఆ కాగితంలో ఇద్దరి పేర్లూ రాయండి సార్," అంది సయీదా.

పనిముట్ల పెట్టె తెరుచుకుంది. పుంగనూరు నుంచి తెచ్చుకున్న పాత స్టార్టరు ఒకటి అడుగున ఉంది. గోవిందప్ప దాని పొట్ట విప్పి కాయిల్ తీశాడు. సయీదా పుస్తకంలోని తీగల బొమ్మ మీద వేలు పెట్టి ఒక్కొక్క తీగా చెబుతుంటే ఆయన వెతికి పట్టుకున్నాడు. ఆడవాళ్లు చేత్తో గుచ్చే పని చేస్తూనే అటు చూశారు. మధ్యాహ్నం రెడ్డెమ్మ రాగిసంకటి ముద్దా, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడీ తెచ్చి పెడితే, ఇద్దరూ తీగలు వదలకుండా ఒంటిచేత్తో తిన్నారు. ఒకచోట గోవిందప్ప తీగ మార్చబోతే సయీదా "అది కాదు మామా" అంది. ఆయన వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇరవై ఏళ్ల అనుభవమున్న మేస్త్రీ ఇరవై నాలుగేళ్ల పిల్ల మాటకు చెయ్యి వెనక్కి తీసుకోవడం నేను ఎక్కువ చూడలేదు, అందుకే రాస్తున్నాను.

నాలుగింటికి వ్యవసాయం కరెంటు మార్చే వేళ. రోజూ ఆ సమయానికి కరెంటు పోయి, పది నిమిషాల్లో వస్తుంది. ఆ రోజూ పోయింది. పెట్ట దీపాలు ఆరిపోయాయి.

"బొత్తాం మీద మీరు వేలు పెట్టండి సార్," అంది సయీదా. "మేము పెడితే మా వాళ్లే అంటారు."

సుబ్రహ్మణ్యం స్టూలు లాక్కుని కూర్చుని, పచ్చబొత్తాన్ని బొటనవేలితో అదిమి పట్టాడు. షెడ్డు మొత్తం చుట్టూ మూగింది. ఏడు నిమిషాలు గడిచాయి. గోవిందప్ప కళ్లు మూసుకున్నాడు. సయీదా మూసుకోలేదు.

కరెంటు వచ్చింది. పైన ఫ్యాను తిరిగింది. పెట్ట మీద ఎర్రదీపం వెలిగింది.

సుబ్రహ్మణ్యం ఇంకా గట్టిగా అదిమాడు. స్టూలు మీంచి లేచి ఒళ్లంతా బరువు వేశాడు. ఎర్రదీపం ఎర్రగానే ఉంది. కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి రెడ్డెమ్మ పకపకా నవ్వింది. ఆయన వేలు తీశాక, తల లేదు కాబట్టి, అది ఆనుకోవాల్సిన పుట్టింటి మూలన ఉండే చిన్న స్విచ్చును సయీదా చేత్తో నొక్కింది. లోపల కాయిల్ టక్కుమని పట్టుకుంది. పసుపుదీపం. అప్పుడు పచ్చబొత్తాం నొక్కింది. పచ్చదీపం. గడి తర్వాత గడి, ఒక్కటీ తప్పలేదు.

"సోమారానికి మోటారు చుట్టేస్తా సార్. విరిగిన ముక్కుకు మాత్రం మీరు బెంగుళూరుకు రాయల్ల," అన్నాడు గోవిందప్ప. అందరిలోకీ ఎక్కువ గర్వపడింది ఆయనే. కాగితంలో తన పేరు ఇంకా ఉందన్న సంగతి కూడా మరిచిపోయాడు.

సుబ్రహ్మణ్యం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. దాని ఊసు మళ్ళీ ఎత్తలేదు. కానీ మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. బొటనవేలి మీద పడిన బొత్తాం అచ్చును చూసుకుంటూ ఉండిపోయాడు.

"బెంగుళూరులో ఇట్లాంటి మెషీన్లు తొమ్మిది ఉన్నాయి," అన్నాడు చివరికి. "పోయిన నెల ఒకటి ఇట్లాగే పోయింది. ఆ వారం నేను అక్కడే ఉన్నాను. కరెంటు కోసం కాచుకుని ఒక అమ్మాయి బొత్తాం మీద వేలు పెట్టుకుని నిలబడిందంట. పుట్టిల్లు దాటించింది నువ్వేనన్నాం. 'నేను నొక్కిన మాట నిజమే, కానీ ఎర్రదీపం రానేలేదు సార్, నేరుగా పచ్చే వచ్చింది' అని ఆమె చెబుతూనే ఉంది. అట్లా జరగదని కాగితం రాసి పంపించేశాం."

"రాసింది ఎవురు సార్?"

"ఆ సంతకం నాదే."

సయీదాకు పోయిన నెల మదనపల్లెలో, బేసిన్ ముందు కూర్చుని, మరుగుతున్న నీళ్లలోంచి తల ఎత్తకుండా 'నాకు ఆ ఊరు పడలేదు' అన్న మనిషి గుర్తుకొచ్చింది. తిరిగి వచ్చిన రోజు నుంచీ ఆమె కుడి బొటనవేలిని గుప్పిట్లో దాచుకుని తిరుగుతోంది. దెబ్బ తగిలిందేమో అనుకుంది సయీదా.

"ఆయమ్మి పేరు మరియం కదా సార్."

సుబ్రహ్మణ్యం తల ఎత్తాడు.

సయీదా నేల మీది గళ్లను తుడవబోయిన మునెమ్మను చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. అగ్గిపెట్టెను కొంగున ముడివేసుకుంది.

"రేపు పొద్దున అయిదున్నరకు మదనపల్లె బస్సుండాది సార్," అంది. "ఆ దోవ ఉండాదని ఆయమ్మికి నేను చెప్పల్నా, మీరొచ్చి చెప్తారా?"